బూడిద దిబ్బ, నల్లి బొక్క: ఎముకలు చదివే శాస్త్రం, అందులో ఉన్న పని

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది కృష్ణానది వైపు ఉన్న ఊరు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడి బూడిద దిబ్బను తవ్వాడు. ఒక్కో పొర తీస్తూ పోతే, బూడిద కింద గట్టిపడిన నేల మీద పశువుల గిట్టల గుర్తులు కనిపించాయి. చుట్టూ దుంగలు పాతిన గుంతలు వరుసగా ఉన్నాయి. అంటే అదొక పెద్ద పశువుల దొడ్డి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన మాట ఇది. పేడ తడి మీద ఆవులు తొక్కిన గుర్తు, మీద బూడిద పడటం వల్ల చెరిగిపోకుండా మిగిలింది.

ఆ దొడ్డి కట్టినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఏ భాష మాట్లాడారో రాసి పెట్టిన రాయి లేదు. శాసనం వేయించే రాజు అప్పటికి ఇంకా పుట్టలేదు. కానీ వాళ్లు ఏ పశువుల్ని పెంచారు, ఏ వయసులో కోశారు, పాలు పితికారా, ఎద్దుల్ని బరువు లాగడానికి వాడారా అన్న సంగతులన్నీ తెలుసుకునే దారి ఒకటుంది. ఆ దారి ఎముకలు. మన నేల కింద ఉన్న ఈ చరిత్రను చదవగలిగినవాళ్లు మన దగ్గర చాలా తక్కువమంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ముందు ఆ దిబ్బల సంగతి కొంచెం చెప్పాలి. రాయలసీమ, దక్షిణ తెలంగాణ, ఉత్తర కర్ణాటక ప్రాంతాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బను తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి చెందిన వి. రామిరెడ్డి తవ్వి పరిశీలించారు. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను అక్కడివాళ్లు వాలిని దహనం చేసిన చోటు అంటారు. 19వ శతాబ్దపు పండితులు కూడా తలో మాట చెప్పారు. అగ్నిపర్వతం బూడిద అని ఒకరు, ఇనుము కరిగించిన కొలిమి అని ఒకరు, యుద్ధంలో చచ్చినవాళ్లను కాల్చిన చోటని మరొకరు. ఇవి పశువుల మందలు ఆగిన చోట్లని బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఊహించాడు. 1950ల చివర్లో ఫ్రెడరిక్ జాయినర్ అనే శాస్త్రవేత్త ఆ బూడిదను ల్యాబ్‌లో పరీక్షించి, అది పశువుల పేడేనని తేల్చాడు. గుట్టలుగా పోసిన పేడను అంత వేడిలో కాలిస్తే కరిగి, చిట్టెంలా గట్టిపడింది.

మరి ఎందుకు కాల్చారు? దీనిమీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. మందల్ని మంటల మీదుగా దాటించే పండగలతో ఆల్చిన్ దీన్ని ముడిపెట్టాడు. కర్ణాటకలో సంక్రాంతికి ఎడ్లను నిప్పుల మీదుగా దూకించే ఆచారం ఇప్పటికీ ఉంది. మన కనుమ కూడా పశువుల పండగే. ఇవి ఊరందరూ కలిసి కావాలని కట్టుకున్న కట్టడాలని కొత్త తరం పరిశోధకుల్లో కొందరి వాదన. తెలుగువారైన కాట్రగడ్డ పద్దయ్య పుణె డెక్కన్ కాలేజీ తరఫున కర్ణాటకలోని బుడిహాళ్‌లో చాలా సీజన్లు తవ్వి, దిబ్బ పక్కనే మనుషులు కాపురమున్న ఇళ్లు, పశువుల్ని కోసి పంచుకున్న నేల బయటపెట్టారు. దాంతో దిబ్బ అంటే మంద ఆగిన చోటు మాత్రమే కాదు, పక్కనే ఊరు కూడా ఉందని తేలింది. ఆ నేల మీద ఏం జరిగిందో చెప్పింది అక్కడ చెల్లాచెదురుగా పడి ఉన్న ఎముకలే.

ఇక పేర్ల చిక్కు. ఈ రంగం గురించి వెతికే విద్యార్థికి మొదట ఎదురయ్యే గందరగోళం ఇదే. తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకలు చదవడాన్ని జువార్కియాలజీ అంటారు, కొందరు ఆర్కియోజువాలజీ అంటారు. రెండూ ఒకటే. బయోఆర్కియాలజీ దగ్గరకొచ్చేసరికి దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. ఇంగ్లండ్‌లో గ్రాహమ్ క్లార్క్ 1972లో ఈ మాట వాడినప్పుడు ఆయన మనసులో ఉన్నవి స్టార్ కార్ అనే చోట దొరికిన జంతువుల, మొక్కల అవశేషాలు. అమెరికాలో జేన్ బైక్‌స్ట్రా 1977లో అదే మాటను మనుషుల అస్థిపంజరాల అధ్యయనానికి వాడింది. అందుకే అమెరికా యూనివర్సిటీలో ఆ కోర్సంటే దాదాపుగా మనుషుల ఎముకలే. బ్రిటన్‌లో అయితే జంతువులు, గింజలు, డీఎన్ఏ, కుండలకు అంటిన కొవ్వు అన్నీ అందులోకే వస్తాయి. అప్లికేషన్ పెట్టే ముందు సిలబస్ చదవకుండా పేరు చూసి చేరితే తరవాత బాధపడాల్సి వస్తుంది.

సరే, ఎముక దొరికింది. దాన్నెలా చదువుతారు? ఇది అర్థం కావాలంటే ల్యాబ్‌కు వెళ్లక్కర్లేదు, ఆదివారం మటన్ కూర చాలు.

లేత మటన్ తిన్నప్పుడు గమనించండి. కాలి ఎముక చివర ఉన్న గుండ్రటి భాగం మూతలా ఊడి చేతికొస్తుంది. ముదురు మటన్‌లో అలా రాదు, ఎముకతో అతుక్కుపోయి ఉంటుంది. పుట్టిన పిల్లలో ఎముక నిడివి, దాని చివరలు వేర్వేరు ముక్కలు. మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంటుంది. పెరుగుదల ఆగాక అవి అతుక్కుంటాయి. ఒక్కో ఎముక ఒక్కో వయసులో అతుక్కుంటుంది. గొర్రె, మేకల్లో ముందుకాలి పైఎముక కింది చివర సుమారు ఏడాదికే అతుక్కుంటే, అదే ఎముక పైచివరకు మూడేళ్లు దాటాలి. తవ్వకంలో దొరికిన ఎముక కింది చివర అతుక్కుని, పైచివర ఊడి ఉందనుకోండి. ఆ జీవం ఏడాదికీ మూడేళ్లకీ మధ్యలో చచ్చిందని చెప్పవచ్చు. దవడ దొరికితే ఇంకా నయం. ఏ పన్ను మొలిచింది, ఏది ఎంత అరిగిందన్నది చూసి వయసును ఇంకా దగ్గరగా లెక్కగడతారు. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసే రైతు చేసేది కూడా ఇదే.

ఒక జీవం వయసు తెలిస్తే పెద్దగా లాభం లేదు. వందల దవడలు ఒకచోట చేర్చినప్పుడే కథ తెలుస్తుంది. 1973లో సెబాస్టియన్ పేన్ ఈ లెక్కకు ఒక పద్ధతి ఏర్పరచాడు. మాంసం కోసమే పెంచే మందలో మగవాటిని ఒళ్లు బాగా పట్టగానే కోస్తారు, ఆ తరవాత మేపడం దండగ. పాల కోసం పెంచే మందలో మగపిల్లల్ని చాలా చిన్నప్పుడే తీసేస్తారు, తల్లిపాలు మనుషులకు మిగలాలి కాబట్టి. ఉన్ని కోసమైతే మగవాటిని కూడా ముసలివయసు దాకా ఉంచుకుంటారు. నేలలో పడి ఉన్న ఎముకల వయసుల్ని గీతగా గీస్తే, ఆ ఊరివాళ్ల ఆలోచన కళ్లముందు నిలుస్తుంది. పశువులు కాసిన ఇంట్లో పుట్టినవాడికి ఈ గీత చదవడం పట్నంలో పుట్టినవాడికంటే తేలిక. ఈ మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఎన్ని జంతువులు ఉన్నాయన్న లెక్క కూడా తిన్నగా ఉండదు. ఒక మేకకు 200 పైచిలుకు ఎముకలు ఉంటాయి. నూరు ముక్కలు దొరికితే నూరు మేకలు కావు, ఒక్కటే కావచ్చు. అందుకని కుడి వెనకకాలి పిక్క ఎముకలు వేరు చేసి లెక్కపెడతారు. అవి నాలుగు ఉంటే కనీసం నాలుగు మేకలు ఉండి తీరాలి. ముక్కల లెక్క, తలల లెక్క రెండూ పక్కపక్కన వేస్తే గానీ రిపోర్టును ఎవరూ నమ్మరు.

గొర్రెనీ మేకనీ విడదీయడం ఇంకో తలనొప్పి. బతికున్నప్పుడు చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు, తోక పైకి ఉంటే మేక. ఎముకలకు తోక ఉండదు కదా. జర్మన్ శాస్త్రవేత్త యోఆహిమ్ బోస్‌నెక్ 1960ల్లో రెండింటి తేడాలు వరసగా రాశాడు. మేక ముంగాలి కింది ఎముక పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గొర్రెది సన్నగా సాగినట్టు ఉంటుంది. మేక కొమ్ము లోపలి ఎముకకు ముందువైపు పదునైన అంచు ఉంటుంది. కానీ జాతులను బట్టి ఇవి మారుతుంటాయి, సగం విరిగిన ముక్క మీద అసలు కనబడవు. 2009 నుంచి ఇంకో దారి దొరికింది. ఎముకలోని కొలాజెన్ అనే ప్రొటీన్‌ను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువు కొలిస్తే ఏ జంతువో తేలుతుంది. డీఎన్ఏ మిగలని చోట కూడా చాలాసార్లు ప్రొటీన్ మిగులుతుంది. మన ఎండలకు ఇది పెద్ద వరం.

నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు మూపురానిది. ఒంగోలు గిత్తకు అంత మూపురం ఉంటుంది కదా, అందులో ఎముక ఉండదు. చచ్చిపోయాక కుళ్లిపోతుంది. మరి వేల ఏళ్ల నాటి పశువుకు మూపురం ఉందో లేదో ఎలా చెప్పాలి? మూపురం కింద వెన్నుపూసల నుంచి పైకి లేచిన ముళ్లు ఉంటాయి. మూపురం జాతిలో వెనకవైపు పూసల్లో కొన్నిటికి ఆ ముల్లు కొస పంగలా రెండుగా చీలి ఉంటుంది. యూరప్ జాతి పశువుల్లో ఇది కనిపించదు. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్ ఎముకల మీద పనిచేసిన రిచర్డ్ మెడో, కాలం గడిచే కొద్దీ అక్కడి పశువుల ఎముకల సైజు తగ్గుతూ రావడం చూపించాడు. అడవి పశువు మనిషి కొట్టంలోకి వచ్చిందనడానికి అది ఒక ఆనవాలు. మూపురం పశువును మచ్చిక చేసుకున్నది సింధు పరిసరాల్లోనేనని తరవాతి జన్యు పరిశోధనలూ చెప్పాయి. నెల్లూరు పేరుతో బ్రెజిల్ పొలాల్లో ఇవాళ మేస్తున్న పశువుల మూలం అక్కడి నుంచే మొదలవుతుంది.

కుండ పెంకులు కూడా ఇందులో భాగమే. మట్టికుండ నూనెను, కొవ్వును పీల్చుకుంటుంది. వేల ఏళ్ల తరవాత కూడా ఆ కొవ్వు పెంకు లోపల దాగి ఉంటుంది. కచ్‌లోని కోటడా భాడ్లీలో 59 పెంకుల్ని పరీక్షిస్తే 21 పెంకుల్లో పాల కొవ్వు ఆనవాళ్లు దొరికాయి. 2020లో అచ్చయిన ఈ పరిశోధన, సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటే సింధు నాగరికత ఊళ్లలో పాడి నడిచిందని చూపించింది. పాలు కాచిన కుండను ఎంత కడిగినా ఆ వాసన పోదని మన అమ్మమ్మలు అనేది ఊరికే కాదు.

ఇంత చెప్పాక, ఎముకలు ఎప్పుడూ తిన్నగా ఒకే జవాబు చెబుతాయని అనుకుంటే పొరపాటు. సుర్‌కోటడా గుర్రం సంగతి చూడండి.

కచ్‌లోని సుర్‌కోటడాలో 1970ల మొదట్లో జె.పి. జోషి తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన ఎముకల్లో గుర్రానివి ఉన్నాయని ఎ.కె. శర్మ చెప్పారు. సింధు నాగరికతలో గుర్రం ఉందా లేదా అన్నది ఆర్యుల చర్చతో ముడిపడిన ప్రశ్న కాబట్టి అది వెంటనే రాజకీయమైంది. 1991లో హంగేరీ నుంచి సాండోర్ బొకొన్యి వచ్చి ఆ ఎముకలు చూసి, నిజమైన గుర్రానివేనని అన్నాడు. హార్వర్డ్‌కు చెందిన మెడో, అజితా పటేల్ 1997లో ఆ వాదనను ఒప్పుకోలేదు. ఇక్కడ చిక్కేమిటంటే కచ్ ఎడారిలో అడవి గాడిద ఇప్పటికీ ఉంది. గుర్రం, గాడిద, అడవి గాడిద మూడూ ఒకే కుటుంబం. దవడ పన్ను మీద ఎనామెల్ మడతలు ఎలా తిరిగాయి, గిట్ట పైఎముక ఎంత వెడల్పు అన్న చిన్నచిన్న కొలతల మీదే తేడా ఆధారపడి ఉంటుంది. అరిగిన పన్ను మీద ఆ మడతలు మారిపోతాయి. గొప్ప నిపుణులే ఒకే ఎముకల మీద రెండు మాటలు చెప్పారంటే ఎవరో మోసం చేశారని కాదు, పదార్థం అంత కష్టమైనదని అర్థం. టీవీ చర్చల్లో గుర్రం దొరికిందని, దొరకలేదని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ వాక్యం వెనక మిల్లీమీటర్ల గొడవ ఉంది.

ఇలాంటి వాదనే కర్ణాటకలోని హల్లూరు మీద కూడా నడిచింది. అక్కడి ఎముకలు చదివిన కె.ఆర్. ఆలూర్ చదువుకు పశువుల డాక్టరు. ఈ మాట గుర్తుంచుకోండి, ఉద్యోగాల దగ్గర మళ్లీ వస్తుంది.

మన దగ్గర ఇంకా పాత ఎముకలు కూడా ఉన్నాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి 1844లోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి రాశాడు. 1880ల్లో ఫుట్, ఆయన కొడుకు కలిసి అక్కడ తవ్వించారు. ఆ ఎముకలు చదివిన లైడెక్కర్ అనే శాస్త్రవేత్త, వాటిలోని ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదుగానే శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ గుహల్లో మళ్లీ తవ్వి 2014లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం, గత రెండు లక్షల ఏళ్లలో అక్కడ కనిపించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఈనాటికీ బతికి ఉన్నాయి. యూరప్, అమెరికాల్లో మంచుయుగం చివర పెద్ద జంతువులు గుంపులుగా అంతరించిపోయాయి. ఇక్కడ అలా జరగలేదు. ఆ మాట చెప్పడానికి నంద్యాల జిల్లాలోని ఒక గుహ సాక్ష్యమైంది.

మనుషుల ఎముకల దగ్గరకు వస్తే, రెండు కథలు చెబుతాను.

మొదటిది రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి బాలాథల్. నాలుగు వేల ఏళ్ల కిందటి నడివయసు మగవాడి అస్థిపంజరం. ముక్కు రంధ్రం అంచులు అరిగి గుండ్రంగా మారాయి, పైదవడ ముందుభాగం కరిగిపోయింది, కాలి ఎముకల మీద ఇన్ఫెక్షన్ గుర్తులున్నాయి. కుష్ఠు వ్యాధి ముదిరినప్పుడు పడే గుర్తులవి. గ్వెన్ రాబిన్స్ షుగ్, డెక్కన్ కాలేజీకి చెందిన వీణా ముష్రిఫ్ త్రిపాఠీ తదితరులు 2009లో దీన్ని ప్రకటించారు. అప్పటికి ఎముకల మీద కనబడిన కుష్ఠు సాక్ష్యాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. అతణ్ణి పూడ్చిన చోటును చూస్తే నాకు ఉట్నూరు గుర్తుకొచ్చింది. రాతి ప్రహరీ లోపల, కాల్చిన ఆవు పేడ బూడిదలో పెట్టారు. జబ్బు మనిషిని ఊరవతల పారేయకుండా వాళ్లు పవిత్రమనుకున్న దాంట్లో పెట్టారో, జబ్బుకు భయపడి బూడిద కప్పారో ఎముక చెప్పదు. అక్కడితో ఆగిపోవడం కూడా ఈ శాస్త్రం నేర్పే పద్ధతే.

రెండోది రూప్‌కుండ్. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్లకు పైన ఉన్న చిన్న సరస్సు. 1942లో ఒక ఫారెస్ట్ ఉద్యోగి అక్కడ గుట్టలుగా పడి ఉన్న మనుషుల ఎముకలు చూశాడు. యుద్ధం నుంచి తిరిగొస్తున్న సైన్యమని, నందాదేవి యాత్రికులని, వడగళ్ల వానలో ఒకేసారి చచ్చిపోయారని తరతరాలుగా చెప్పుకున్నారు. కొన్ని పుర్రెల మీద గుండ్రటి దెబ్బలు ఉండటంతో వడగళ్ల కథకు బలం వచ్చింది. మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో తంగరాజ్ బృందం, హార్వర్డ్ బృందం, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ నుంచి నీరజ్ రాయ్ తదితరులు కలిసి 38 మంది డీఎన్ఏ చదివారు. 2019లో ఫలితం వచ్చింది. అందులో 23 మంది మన ఉపఖండం వాళ్లే. 14 మంది మాత్రం గ్రీసు, క్రీట్ లాంటి తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్లకు దగ్గరివాళ్లు. ఒకరు ఆగ్నేయాసియా వాసి. కాలాలు కూడా కలవలేదు. మనవాళ్లు సుమారు క్రీ.శ. 800 ప్రాంతంలో, అది కూడా ఒకేసారి కాకుండా పోయారు. మధ్యధరా వాళ్లు పోయింది దాదాపు 1800 ప్రాంతంలో. వెయ్యేళ్ల తేడా. ఒకే వాన, ఒకే గుంపు అనే కథ ఒక్కరోజులో చెల్లకుండా పోయింది.

ఈ పరిశోధనలో తిండి లెక్క కూడా ఉంది, మనకు బాగా అర్థమయ్యే లెక్క. జొన్న, సజ్జ, రాగి, కొర్ర లాంటి గింజలు గాలిలోని కార్బన్‌ను ఒక రకంగా పట్టుకుంటాయి. వరి, గోధుమ, పప్పుధాన్యాలు ఇంకో రకంగా పట్టుకుంటాయి. కార్బన్‌లో తేలిక రకం, బరువు రకం ఉంటాయి, వీటిని ఐసోటోపులంటారు. బరువైనది ఎంత చేరిందన్న దాంట్లో రెండింటికీ తేడా వస్తుంది. మనం తిన్నది మన ఎముకలోకి చేరుతుంది కాబట్టి, పోయిన మనిషి చివరి కొన్నేళ్లు జొన్న సంకటి తిన్నాడో, గోధుమ రొట్టె తిన్నాడో ఎముక చెబుతుంది. రూప్‌కుండ్‌లో మధ్యధరా గుంపు వాళ్ల తిండిలో చిరుధాన్యాల జాడ లేదు. ఉపఖండం వాళ్లలో కొందరు వాటిని బాగా తిన్నారు, కొందరు అంతగా తినలేదు. మధ్యధరా వాళ్లు హిమాలయాల్లోకి ఎందుకొచ్చారన్నది ఇప్పటికీ ప్రశ్నే.

అందరికీ డీఎన్ఏ దక్కదు. హర్యానాలోని సింధు నాగరికత ఊరు రాఖీగఢీలో 60కి పైగా ఎముకల నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే జన్యుసమాచారం ఇచ్చింది ఒకే ఒక్కటి. వేడి, తేమ డీఎన్ఏను తినేస్తాయి. రూప్‌కుండ్ చలి దాన్ని కాపాడింది. పేపర్లో ఒక వార్త రావడానికి వెనక ఎంత నిరాశ ఉంటుందో ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు ముందే తెలియాలి.

ఇప్పుడు ఉద్యోగాల మాట. నిజం నిజంగానే చెబుతాను. మన దేశంలో ఈ పేరుతో పోస్టులు చాలా తక్కువ. ఇంజనీరింగ్‌లా క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. డిగ్రీ అవగానే జీతం కావాల్సిన ఇంట్లోంచి వచ్చినవాళ్లు ఈ సంగతి తెలుసుకుని, ఇంట్లో మాట్లాడుకుని దిగాలి. కానీ దారి మూసుకుపోలేదు, మెల్లగా తెరుచుకుంటోంది.

ఏ డిగ్రీతో రావచ్చు? నా లెక్కలో అన్నిటికన్నా బలమైన పునాది వెటర్నరీ. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల్లో మొదటి ఏడాదే పశువు ఎముకలన్నీ చేత్తో పట్టుకుని నేర్చుకుంటారు. ఆర్కియాలజీ విద్యార్థికి అది నేర్చుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఆలూర్ ఆ దారిలోనే వచ్చారు. మనుషుల ఎముకల మీద ఆసక్తి ఉంటే డెంటల్, మెడికల్, ఫిజికల్ ఆంత్రొపాలజీ ఉపయోగపడతాయి. పళ్ల మీద పనికి డెంటిస్టులు బాగా కావాలి. జువాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు ల్యాబ్ వైపు దారి ఉంది. చరిత్ర చదివినవాళ్లకు తవ్వకం వైపు. ఎక్కడి నుంచి వచ్చినా రెండోదాన్ని నేర్చుకోక తప్పదు. వెటర్నరీ విద్యార్థికి పొరలు, కాలాలు రావాలి, చరిత్ర విద్యార్థికి ఎముకలు రావాలి.

చదువుకు దేశంలో మొదటి చిరునామా పుణె డెక్కన్ కాలేజీ. అక్కడి ఆర్కియోజువాలజీ ల్యాబ్‌లో పి.కె. థామస్, పి.పి. జోగ్లేకర్ లాంటివాళ్లు దశాబ్దాలపాటు దేశం నలుమూలల నుంచి వచ్చిన ఎముకలు చదివారు. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీకి కూడా మంచి పేరుంది. గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఆర్కియాలజీ సంస్థలో పీజీ డిప్లొమా ఉంది, అది ఆర్కియలాజికల్ సర్వే నడిపేదే. మన దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ, ఎస్వీ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఆంత్రొపాలజీ ఉంది. పీజీ తరవాత యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. పీహెచ్‌డీ చేసే రోజుల్లో చాలామందికి అదే ఆధారం.

ఉద్యోగం ఇచ్చేవాళ్లలో ఆర్కియలాజికల్ సర్వే, కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆంత్రొపలాజికల్ సర్వే ముఖ్యమైనవి. పై స్థాయి పోస్టుల్లో కొన్ని యూపీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి. హరప్పాలో దొరికిన మనుషుల ఎముకలు ఇప్పటికీ ఆంత్రొపలాజికల్ సర్వే దగ్గరే ఉన్నాయి. హరప్పా జంతువుల ఎముకల మీద తొలి పెద్ద రిపోర్టును 1936లో జువలాజికల్ సర్వేకు చెందిన బేణీ ప్రసాద్ రాశారు. అంటే జువాలజిస్టుకు ఈ ఇంట్లో చోటు కొత్తగా రాలేదు. సీసీఎంబీ, బీర్బల్ సాహ్ని సంస్థల్లో పాత డీఎన్ఏ ప్రాజెక్టులు నడుస్తుంటాయి, వాటిలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరి పైకొచ్చినవాళ్లు ఉన్నారు.

ఫోరెన్సిక్ వైపు కూడా ఒక కిటికీ ఉంది. పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావిలోంచి మనుషుల ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. 1857 తిరుగుబాటులో చంపేసిన సిపాయిలవని ఒకరు, దేశ విభజన నాటివని ఇంకొకరు అన్నారు. పళ్లలోంచి తీసిన 50 డీఎన్ఏ నమూనాలు, 85 ఐసోటోపు నమూనాలు పరీక్షించి, వాళ్లు పంజాబ్ వాళ్లు కారని, గంగా మైదానం నుంచి వచ్చినవాళ్లని 2022లో తేల్చారు. బెంగాల్ రెజిమెంట్ సిపాయిల రికార్డులతో అది సరిపోయింది. ఇందులోనూ సీసీఎంబీ పాత్ర ఉంది. నూటయాభై ఏళ్లకు పైగా పేరు లేకుండా బావిలో ఉన్నవాళ్లకు సొంతూరి దిక్కు దొరికింది. ఈ పని చేయడానికి కావాల్సిన నైపుణ్యం, ఇవాళ్టి హత్య కేసులో ఎముకలు చదివే నైపుణ్యం దాదాపు ఒకటే.

విదేశాల మాట కూడా చెప్పాలి, చాలామంది అడిగేది అదే. బ్రిటన్‌లో ఎముకలు చదివేవాళ్లకు ఉద్యోగాలు ఎందుకున్నాయంటే అక్కడి ప్లానింగ్ నిబంధనల వల్ల. 1990 నుంచి, కొత్త కట్టడం కింద పురావస్తువులు ఉంటే తవ్వి రికార్డు చేసే ఖర్చు కట్టేవాడే భరించాలనే పద్ధతి స్థిరపడింది. లండన్ యూస్టన్ స్టేషన్ దగ్గర హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలు మార్గం కోసం పాత శ్మశానం తవ్వినప్పుడు వేలకు వేల అస్థిపంజరాలు బయటికి తీశారు. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి మ్యాపు గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ ఎముకలు 2019 జనవరిలో అక్కడే దొరికాయి, శవపేటిక మీది సీసం పలకతో ఆయన్ని గుర్తుపట్టారు. అలాంటి పనికి ప్రైవేటు సంస్థలు ఎముకల నిపుణుల్ని జీతానికి పెట్టుకుంటాయి. యార్క్ యూనివర్సిటీ ఈ చదువుకు పేరున్న చోటు. కానీ ఆ ఉద్యోగాల జీతాలు ఐటీ జీతాలతో సమానంగా ఉండవు, చాలావరకు కాంట్రాక్టులు. లక్షల లోన్ తీసుకునే ముందు ఆ లెక్క కాగితం మీద వేసుకోవాలి. మన దేశంలో కూడా డ్యాములకు, హైవేలకు ముందు తవ్వి చూసే పద్ధతి గట్టిగా అమలైతే ఈ రంగం రూపమే మారిపోతుంది. నాగార్జునసాగర్ ముంపు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి కాపాడిన అనుభవం మన దగ్గరే ఉంది.

ఇంకో మాట చెప్పకుండా ముగించలేను. మనుషుల ఎముకలు నమూనాలు కావు, ఎవరో ఒకరి పూర్వీకులు. నాగాల పెద్దల పుర్రెలు బ్రిటిష్ మ్యూజియాల్లో పడి ఉన్నాయి. 2024లో ఒక నాగా పుర్రెను ఇంగ్లండ్‌లో వేలానికి పెట్టబోతే నాగాలాండ్‌లో జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు, వేలం ఆగింది. ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనుషుల అవశేషాల్ని ప్రదర్శన నుంచి తీసేసింది. ఈ రంగంలోకి వచ్చే తెలుగు విద్యార్థి ఎముక పట్టుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఎవరిది, వాళ్లకు చెప్పామా అని.

బూడిద దిబ్బల బూడిదను పొలాలకు ఎరువుగా బండ్లకెత్తుకుపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కొన్ని దిబ్బలు అలా సగానికి తరిగాయి, కొన్ని కనబడకుండా పోయాయి. రైతును అనడానికి లేదు, అది ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. మీ ఊరి దగ్గర చుట్టూ నల్లరేగడో ఎర్రనేలో ఉండి మధ్యలో తెల్లటి బూడిద మట్టి గుట్ట ఉంటే, అందులో గాజులా మెరిసే చిట్టెం ముక్కలు కనిపిస్తే, తవ్వకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని జిల్లా పురావస్తు అధికారికి చెప్పండి. అక్కడ ఏరిన రాయేదో, ఎముకేదో తెలియకపోతే తవ్వకాల దగ్గర చాలామంది చేసే పాత ఉపాయం ఒకటుంది, నాలుక కొసకు ఆనిస్తారు. పాత ఎముకకు సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి అతుక్కుంటుంది, మామూలు రాయి జారిపోతుంది.

నేర్చుకోవడం మొదలుపెట్టాలనుకుంటే వచ్చే ఆదివారం మటన్ షాపులో ఒక మేక ముందుకాలు, ఒక గొర్రె ముందుకాలు అడిగి తెచ్చుకోండి. ఉడకబెట్టి, మాంసం తీసి, సబ్బు నీళ్లలో కొన్నాళ్లు నానబెట్టి నీడలో ఆరబెట్టండి. ముంగాలి కింది ఎముకలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పొట్టిగా, వెడల్పుగా ఉన్నది మేకది. చివరలు ఊడి వచ్చాయేమో చూసి, ఆ జీవం వయసెంతో పుస్తకంలో రాసుకోండి. తరవాత షాపతన్ని అడిగి సరిచూసుకోండి.